లంకలో డాలరు కరువు.. గుంటూరులో బకాయి బరువు

పరాయి దేశపు కరెన్సీ కుప్పకూలితే మన సంస్థలను తాకేది ఏ దారిన?

గుంటూరు: ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలకు చోటు చాలదు. పల్నాడు, ప్రకాశం, కృష్ణా ప్రాంతాలతో పాటు తెలంగాణ, కర్ణాటకల నుంచి తరలివచ్చే ఎండు మిర్చి ఇక్కడ చేతులు మారి చైనా, బంగ్లాదేశ్, థాయిలాండ్, మలేసియా, శ్రీలంక తదితర దేశాలకు ఓడలెక్కుతుంది. 2022లో సరిగ్గా ఆ సీజను నడిమిన, మార్చి 7వ తేదీన, శ్రీలంక కేంద్ర బ్యాంకు తన రూపాయికి వేసి ఉంచిన కట్టును సడలించింది. అప్పటివరకు డాలరుకు 200 పైచిలుకు వద్ద నిలిచి ఉన్న లంక రూపాయి మే నెల వచ్చేసరికి 360 దాకా దిగజారింది. ఈ మధ్యలోనే, ఏప్రిల్ 12న, విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేస్తున్నట్లు ఆ దేశం ప్రకటించింది.

కొలంబోలో కరెన్సీ పడిపోతే గుంటూరుకు వచ్చిన నష్టమేమిటన్న సందేహం సహజం. ఎగుమతి బిల్లులు చాలా వరకు డాలర్లలోనే ఉంటాయి. లంక రూపాయి ఎంత పడినా బిల్లు మీద అంకె మారదు. అయినప్పటికీ ఇటువంటి సంక్షోభం వచ్చిన ప్రతిసారీ మన ఎగుమతిదారులు, మందుల కంపెనీలు, ఉక్కు కర్మాగారాలు, చివరకు విదేశీ వ్యాపారమే ఎరుగని సంస్థలు సైతం ఆ సెగను చవిచూశాయి. ఆ సెగ ఏ దారుల వెంట వస్తుందో, ముందే పసిగట్టడానికి వీలున్న గుర్తులేమిటో గత పాతికేళ్ల అనుభవాలు స్పష్టంగానే చూపుతున్నాయి.

బిల్లు మారదు.. కొనుగోలుదారు మారిపోతాడు

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. గుంటూరు ఎగుమతిదారు ఒకరు 50 వేల డాలర్ల విలువైన మిర్చిని 90 రోజుల గడువుపై కొలంబోలోని టోకు వ్యాపారికి పంపించారనుకుందాం. డాలరు 202 లంక రూపాయలుగా ఉన్ననాడు ఆ బిల్లు విలువ అక్కడి లెక్కలో కోటీ ఒక లక్ష. ఆ ధరను బట్టే కొలంబో వ్యాపారి లాభం లెక్క వేసుకుని, సరుకును చిల్లర దుకాణాలకు అమ్మి, లంక రూపాయలు వసూలు చేసుకుంటాడు. గడువు తీరి సొమ్ము కట్టవలసిన నాటికి డాలరు 360కి చేరితే అదే బిల్లుకు అతడు కోటీ 80 లక్షలు సమకూర్చాలి. అమ్మిన సరుకుపై వచ్చింది కోటికి కాస్త పైన. తక్కిన 79 లక్షలు తన ఇల్లో, గోదామో అమ్మి తేవాలి. లేదా చేతులెత్తేయాలి.

అంటే మారక రేటు నష్టం కాగితం మీద లంక వ్యాపారిదే. కానీ అతడు మునిగితే అతడికి సరుకిచ్చినవారు గట్టున ఉండలేరు. బిల్లు డాలర్లలో రాసుకున్నంత మాత్రాన నష్టం మన దాకా రాదనుకోవడం పొరపాటని దీనివల్ల తెలుస్తోంది. మన వ్యాపారికి మారక రేటు ముప్పు తప్పినా, దాని స్థానంలో బకాయి ముప్పు వచ్చి కూర్చుంటుంది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. సరుకు ఓడ ఎక్కిన రోజుకూ, సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిన రోజుకూ మధ్య ఉండే ఎడమే సంక్షోభం చొరబడే ద్వారం. ఆ ఎడం ఎంత పెద్దదైతే ముప్పు అంత పెద్దది.

రేటు కదలకముందే తలుపు మూత

లంక విషయంలో గమనించదగిన మరో అంశం ఉంది. 2021 సెప్టెంబరు నుంచి 2022 మార్చి తొలి వారం వరకు అక్కడి అధికారిక మారక రేటు దాదాపుగా చలించనే లేదు. పత్రికలలో మారక రేట్ల పట్టిక మాత్రమే చూసేవారికి అంతా సవ్యంగానే తోచి ఉంటుంది. కానీ వాస్తవ పరిస్థితి వేరు. 2019 చివర సుమారు 760 కోట్ల డాలర్లుగా ఉన్న ఆ దేశపు విదేశీ మారక నిల్వలు 2021 చివరకు 310 కోట్ల డాలర్లకు తగ్గాయి. 2022 మార్చి చివరకు 190 కోట్ల డాలర్లే మిగిలాయి. ఆ మిగిలిన దానిలోనూ చైనాతో కుదుర్చుకున్న కరెన్సీ మార్పిడి ఏర్పాటు కింద ఉన్న భాగం పెద్దదే.

కరోనా వల్ల పర్యాటకం స్తంభించడం, విదేశాలలోని లంకేయులు అధికారిక మార్గాలలో పంపే సొమ్ము తగ్గడం, పన్నులలో భారీ కోత, తీర్చవలసిన అప్పుల వాయిదాలు వరుసగా మీదపడటం ఇందుకు కారణాలు. రేటును పట్టి నిలపడానికే ఉన్న డాలర్లు ఖర్చయిపోయాయి. దాంతో దిగుమతిదారు చేతిలో లంక రూపాయలు దండిగా ఉన్నా, వాటిని మార్చి ఇవ్వడానికి బ్యాంకులో డాలర్లు లేని దుస్థితి ఏర్పడింది. నిత్యావసరాలతో వచ్చిన వందలాది కంటైనర్లు విడిపించే దిక్కు లేక కొలంబో రేవులోనే నిలిచిపోయాయి.

దీన్ని బట్టి కరెన్సీ సంక్షోభాలు 2 రకాలని అర్థమవుతుంది. మొదటిది ధర పడిపోయే సంక్షోభం. ఇందులో సొమ్ము వస్తుంది కానీ తరిగి వస్తుంది. రెండోది తలుపు మూసుకునే సంక్షోభం. ఇందులో రేటు కాగితం మీద భద్రంగానే ఉంటుంది, సొమ్మే రాదు. లంకలో ముందు తలుపు మూసుకుంది, ఆ తరువాత ధర కూలింది. మన రాష్ట్రాలతో సంబంధమున్న మరో 2 అనుభవాలు ఈ తేడాను ఇంకా స్పష్టం చేస్తాయి.

రూబుల్ పాఠం: సగమై వచ్చిన సొమ్ము

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌కు రష్యా ఎంతో కాలంగా ముఖ్యమైన విపణి. 2014 జూన్‌లో పీపా 110 డాలర్ల పైన ఉన్న ముడి చమురు ధర డిసెంబరు నాటికి 60 డాలర్ల కిందకు జారింది. ఉక్రెయిన్ వివాదంపై పాశ్చాత్య దేశాలు విధించిన ఆంక్షలు దానికి తోడయ్యాయి. 2014 నవంబరులో రష్యా కేంద్ర బ్యాంకు రూబుల్‌ను విపణికే వదిలివేసింది. డిసెంబరు 16న వడ్డీ రేటును 10.5 శాతం నుంచి ఒక్కసారిగా 17 శాతానికి పెంచినా ఆ రోజు రూబుల్ డాలరుకు 80 దరిదాపులకు పడిపోయింది. అంతకు 6 నెలల కిందట అది 34 వద్ద ఉండేది.

రష్యాలో మందుల దుకాణంలో 330 రూబుళ్లకు అమ్ముడయ్యే ఒక మందును ఉదాహరణగా తీసుకుందాం. 2014 జూన్‌లో దాని విలువ దాదాపు 10 డాలర్లు, అంటే అప్పటి లెక్కన మన 600 రూపాయలు. 2015 ఫిబ్రవరిలో రూబుల్ 65 పరిసరాలలో ఉన్నప్పుడు అదే మందు విలువ 5 డాలర్లకు కాస్త పైన, అంటే సుమారు 315 రూపాయలు. మందు అదే, అమ్మకాల సంఖ్య అదే, రష్యా రోగి చెల్లించే ధర కూడా అదే. హైదరాబాదు ఖాతాకు చేరేది మాత్రం సగం. ఇక్కడి కార్మికుల వేతనాలు, ముడి పదార్థాల ఖర్చు, విద్యుత్ బిల్లు సగానికి తగ్గవు కదా. అక్కడ ధర పెంచుదామంటే అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి రష్యా ప్రభుత్వ ధరల నియంత్రణ అడ్డు. రూబుళ్లలో అమ్మకాలు బాగానే ఉన్నా రూపాయలలో ఆదాయం తగ్గినట్లు ఆ కాలపు కంపెనీ ఫలితాలు చూపడానికి కారణం ఇదే.

అయితే రష్యాలో తలుపు మూసుకోలేదు. తరిగిన సొమ్మయినా సమయానికి వచ్చింది. సంస్థ నిలదొక్కుకుని వ్యాపారం కొనసాగించగలిగింది.

వెనెజులా పాఠం: అసలే రాని సొమ్ము

ఇదే కంపెనీకి దక్షిణ అమెరికాలోని వెనెజులాలో ఎదురైన అనుభవం ఇందుకు భిన్నమైనది. ఎగుమతి ఆదాయానికి దాదాపు పూర్తిగా చమురుపైనే ఆధారపడిన ఆ దేశం 2003 నుంచి విదేశీ మారకంపై కఠిన నియంత్రణ అమలుచేసింది. ఆహారం, మందుల వంటి అత్యవసరాల దిగుమతికి డాలరుకు 6.30 బొలివార్ల చొప్పున ప్రత్యేక రేటు కేటాయించింది. బయటి బజారులో డాలరు వందల బొలివార్లు పలుకుతున్న రోజులలో ఇది మందుల కంపెనీలకు ఎంతో ఆకర్షణీయమైన రేటు. అమ్మకాలు పెరిగాయి, పుస్తకాలలో లాభాలు కనిపించాయి.

చిక్కల్లా ఒక్కటే. ఆ రేటుకు డాలర్లు ఇవ్వడానికి ప్రభుత్వం అనుమతించాలి. చమురు ధర కూలడంతో అనుమతులు నత్తనడక పట్టి, ఆపై నిలిచిపోయాయి. 2016 ఫిబ్రవరిలో వెనెజులా తన అధికారిక రేటును 6.30 నుంచి 10 బొలివార్లకు మార్చింది. తక్కిన లావాదేవీలకు నిర్ణయించిన రెండో రేటు మార్చిలో 200 పైనే మొదలైంది. రావలసిన డాలర్లు వచ్చే ఆశ సన్నగిల్లడంతో డాక్టర్ రెడ్డీస్ 2016 జనవరి-మార్చి త్రైమాసికంలో వెనెజులా ఖాతా కింద సుమారు 430 కోట్ల రూపాయల నష్టాన్ని పుస్తకాలలో చూపవలసి వచ్చింది. అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే ఆ త్రైమాసికపు లాభం 80 శాతానికి పైగా పడిపోయింది. కంపెనీ మొత్తం వ్యాపారంలో వెనెజులా వాటా స్వల్పమే. అయినా ఆ చిన్న విపణి ఒక త్రైమాసికపు లాభాన్ని మింగివేసింది.

రూబుల్ పతనం వార్తలకెక్కింది, ప్రపంచమంతా చూసింది. వెనెజులాలో అధికారిక రేటు చాలాకాలం కదలలేదు. ఎక్కువ నష్టం చేసింది మాత్రం కదలని రేటే.

ఎగుమతులు లేని సంస్థకూ తప్పని సెగ

విదేశాలకు ఒక్క టిక్కీ పంపని, ఒక్క మాత్ర అమ్మని సంస్థ ఈ గొడవకు దూరమని భావించడానికి కూడా వీల్లేదు. 1997-98 నాటి తూర్పు ఆసియా సంక్షోభమే ఇందుకు నిదర్శనం. 1997 జూలై 2న థాయిలాండ్ తన బాత్‌ను డాలరు నుంచి విడదీసింది. 25 వద్ద ఉన్న బాత్ 1998 జనవరికి 56 దాకా పడింది. ఇండోనేసియా, దక్షిణ కొరియా, మలేసియాలు వరుసగా అదే బాట పట్టాయి. ఆ దేశాలలోని కంపెనీలు తక్కువ వడ్డీకి వస్తున్నాయని డాలర్లలో అప్పులు తీసుకుని, స్థానిక కరెన్సీలో ఆదాయం వచ్చే భవనాలు, కర్మాగారాలపై వెచ్చించడమే అక్కడి పతనానికి ముఖ్య కారణం.

మన దేశంలో పెట్టుబడుల రాకపోకలపై అప్పటికి ఆంక్షలు ఉండటం వల్ల ఆ స్థాయి ఉపద్రవం తప్పింది. అయినా సెగ 2 దారుల వెంట వచ్చింది. మొదటిది వడ్డీ. 1997 ఆగస్టులో డాలరుకు 36 రూపాయల వద్ద ఉన్న మన కరెన్సీ 1998 జనవరికి 40కి చేరువైంది. ఆ జారుడును ఆపేందుకు రిజర్వు బ్యాంకు 1998 జనవరి 16న బ్యాంకు రేటును 9 శాతం నుంచి 11 శాతానికి, బ్యాంకులు తన వద్ద ఉంచవలసిన నగదు నిల్వల నిష్పత్తిని 10 నుంచి 10.5 శాతానికి పెంచింది. బాత్ అనే మాట విననివారికి కూడా ఆ విధంగా అప్పు ప్రియమైంది.

రెండోది చౌక దిగుమతులు. కరెన్సీ పడిపోయిన దేశం తన సరుకును డాలర్లలో తక్కువ ధరకు అమ్మగలదు. సొంత దేశంలో గిరాకీ ఎండిపోయినందున ఎలాగైనా బయట అమ్ముకోక తప్పదు. 1998 ఆగస్టులో రష్యా కరెన్సీ కూడా కూలడంతో ప్రపంచ విపణిలో ఉక్కు ధరలు మరింత కుంగాయి. విశాఖ ఉక్కుతో సహా దేశీయ కర్మాగారాలన్నీ ఆ ధరలతోనే పోటీ పడవలసి వచ్చింది. దిగుమతి ఒత్తిడిని తట్టుకోలేక కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది డిసెంబరులో కొన్ని రకాల ఉక్కుకు కనీస దిగుమతి ధరలు నిర్ణయించింది.

కోస్తా రొయ్యల పరిశ్రమకు కూడా అప్పట్లో ఇటువంటి పోటీయే ఎదురైంది. రొయ్యల సాగులో అగ్రస్థానాన ఉన్న థాయిలాండ్ కరెన్సీ సగానికి పడింది. మన సముద్ర ఉత్పత్తులకు ఆనాడు ప్రధాన విపణి అయిన జపాన్‌లో డాలరుకు 115 వద్ద ఉన్న యెన్ 1998 ఆగస్టుకు 147 దాకా బలహీనపడింది. ఒక వైపు పోటీదారు చౌకగా అమ్మగలిగే స్థితి, మరో వైపు కొనేవాడి చేతిలో డాలర్లు కొనే శక్తి తగ్గిన స్థితి. ఈ రెంటి నడుమ మన ఎగుమతిదారు నలిగిపోవడం సహజమే.

తుర్కియే తుమ్మితే రూపాయికి జలుబు

సంబంధమే లేని దేశం నుంచి వచ్చే సెగ మరొకటి ఉంది. 2018 ఆగస్టులో తుర్కియే కరెన్సీ లీరా కుప్పకూలింది. ఆ దేశంతో మన వాణిజ్యం పెద్దదేమీ కాదు. అయినా ఆగస్టు 14న మన రూపాయి చరిత్రలో తొలిసారిగా డాలరుకు 70 దాటింది. అభివృద్ధి చెందుతున్న దేశాలన్నింటినీ ఒకే గాటన కట్టి చూసే విదేశీ మదుపరులు ఒకచోట భయం పుట్టగానే అన్నిచోట్లా సొమ్ము వెనక్కి తీసుకోవడం దీనికి మూలం. చమురు ధరలు పెరగడం, అమెరికాలో వడ్డీలు పెరగడం కూడా ఆ ఏడాది రూపాయిని కుంగదీశాయి.

ఇటువంటి వేళ ఎక్కువగా చిక్కుకునేవి విదేశీ కరెన్సీలో అప్పు తెచ్చి, ఆదాయం రూపాయలలో పొందే సంస్థలు. 2018 జనవరిలో డాలరు 64 రూపాయలుగా ఉన్నప్పుడు కోటి డాలర్ల అప్పు విలువ 64 కోట్లు. అక్టోబరులో డాలరు 74కు చేరేసరికి అదే అప్పు 74 కోట్లయింది. కొత్తగా ఒక్క రూపాయి తీసుకోకుండానే 10 కోట్లు మీద పడ్డాయన్నమాట. విద్యుత్, రహదారుల వంటి రంగాలలో ఆదాయమంతా రూపాయలలోనే ఉంటుంది కనుక ముందస్తు రక్షణ లేని అప్పు ప్రమాదకరమే.

లాభపడేవారూ ఉంటారన్నది నిజం. సంక్షోభంలో ఉన్న దేశం నుంచి ముడి సరుకు కొనేవారికి అది చౌకగా దొరకవచ్చు. లంకలో 2021 నాటి రసాయనిక ఎరువుల నిషేధం, ఆపై డాలరు కరువు కారణంగా తేయాకు దిగుబడి తగ్గినప్పుడు ఆ ఖాళీలో కొంత మన తేయాకు ఎగుమతిదారులకు కలిసివచ్చింది. కానీ ఒకరి లాభం మరొకరి బకాయిని తీర్చదు.

చివరి భారం మోసేదెవరు?

పెద్ద కంపెనీ ఒక త్రైమాసికంలో దెబ్బ తిన్నా మరుసటి త్రైమాసికంలో కోలుకోగలదు. అనేక దేశాలలో దానికి వ్యాపారం ఉంటుంది. చిన్న ఎగుమతిదారు పరిస్థితి అలా కాదు. ముందు చెప్పిన 50 వేల డాలర్ల బిల్లునే మళ్లీ చూస్తే, 2022 ఏప్రిల్‌లో డాలరు 76 రూపాయల లెక్కన దాని విలువ 38 లక్షలు. ఆ సరుకు కొనడానికి బ్యాంకు నుంచి ఏడాదికి 9 శాతం వడ్డీపై అప్పు తెచ్చారనుకుంటే నెలకు పడే వడ్డీ 28,500 రూపాయలు. ఈ లావాదేవీలో ఆయనకు మిగిలేది 3 శాతం అనుకుంటే లాభం లక్షా 14 వేలు. సొమ్ము 4 నెలలు ఆలస్యమైతే ఆ వడ్డీయే లాభాన్నంతటినీ హరించివేస్తుంది. అయిదో నెల నుంచి పెట్టుబడి కరగడం మొదలవుతుంది.

ఎగుమతి సొమ్మును నిర్ణీత గడువులోగా దేశానికి రప్పించుకోవాలన్న నిబంధన వేరే ఉంది. 2022లో ఆ గడువు 9 నెలలు. బకాయిపడింది పరదేశ వ్యాపారి అయినా బ్యాంకుకు సంజాయిషీ చెప్పుకోవలసింది ఇక్కడి వ్యాపారే.

సొమ్ము చిక్కుకున్న ఎగుమతిదారు మరునాడు యార్డులో పాట పాడటానికి వెనుకాడతాడు. కమీషన్ ఏజెంటుకు ఇవ్వవలసిన సొమ్ము ఆలస్యం చేస్తాడు. ఏజెంటు రైతుకు వాయిదా చెబుతాడు. అలా కొలంబో బ్యాంకులో లేని డాలరు పల్నాడు పల్లెలో రైతు ఇంటి దాకా వస్తుంది. 2022లో నల్ల తామర పురుగు వల్ల మిర్చి దిగుబడి బాగా తగ్గి, సరుకు కొరతతో యార్డులో ధర బలంగా నిలిచింది. అందువల్ల లంక దెబ్బ ధరల పట్టికలో పెద్దగా కానరాలేదు. దిగుబడి నిండుగా ఉన్న ఏడాదిలో ఇదే సంక్షోభం వచ్చి, కొనే చేతుల్లో ఒకటి వెనక్కి తగ్గితే ఆ లోటు నేరుగా రైతు ధరపైనే పడే అవకాశం ఉంటుంది.

ప్రభుత్వాలు తెరిచిన దారులు

తలుపు మూసుకున్నప్పుడు వ్యాపారి ఒక్కడే తోసి తెరవలేడు. 2022 మార్చి 17న భారతీయ స్టేట్ బ్యాంకు ద్వారా లంకకు 100 కోట్ల డాలర్ల రుణ సదుపాయం కల్పిస్తూ ఒప్పందం కుదిరింది. ఆహారం, మందులు, ఇతర నిత్యావసరాల కొనుగోలుకు అది ఉద్దేశించినది. ఆ సదుపాయం కింద ఆమోదం పొందిన సరుకుకు లంకలో డాలర్లు దొరికే దాకా ఎదురుచూడవలసిన అవసరం లేకపోయింది.

భారత్, లంక సహా కొన్ని దేశాల కేంద్ర బ్యాంకులు అప్పట్లో 2 నెలలకొకసారి పరస్పర లెక్కలు తేల్చుకుంటున్న ఆసియా క్లియరింగ్ యూనియన్ అనే ఏర్పాటు ఉంది. లంక వాణిజ్యాన్ని ఆ ఏర్పాటుకు వెలుపల, అనుమతించిన ఏ కరెన్సీలోనైనా పరిష్కరించుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2022 జూలై 8న వెసులుబాటు ఇచ్చింది. విదేశీ వాణిజ్యాన్ని మన రూపాయలలోనే జరుపుకునేందుకు వీలుగా ప్రత్యేక ఖాతాల విధానాన్ని జూలై 11న ప్రకటించింది. అయితే ఇవన్నీ సంక్షోభం ముదిరిన తరువాత వచ్చిన దారులు. అప్పటికే గడువు తీరిన బిల్లులున్న వ్యాపారికి నిరీక్షణ తప్పదు.

ముందే పసిగట్టే గుర్తులు

వర్షానికి ముందు చీమలు బారులు తీరినట్లే కరెన్సీ సంక్షోభానికి ముందూ కొన్ని గుర్తులు కనిపిస్తాయి. మొదటిది, దేశపు విదేశీ మారక నిల్వలు నెలనెలా తరగడం. ఈ లెక్కను కేంద్ర బ్యాంకులు బహిరంగంగానే ప్రకటిస్తాయి. రెండోది, అధికారిక రేటుకూ బయటి బజారు రేటుకూ మధ్య అంతరం పెరగడం. మూడోది, దిగుమతులపై కొత్త ఆంక్షలు. లంక 2020 మార్చిలోనే వాహనాల దిగుమతిని నిలిపివేసింది. మన వాహన తయారీ కంపెనీలకు అక్కడి విపణి అప్పుడే మూతపడింది. అంటే రూపాయి కూలడానికి 2 ఏళ్ల ముందే హెచ్చరిక వెలువడింది. ఆ దిగుమతులు పూర్తిగా తెరుచుకోవడానికి 2025 ఫిబ్రవరి దాకా పట్టింది.

నాలుగో గుర్తు వ్యాపారికే ముందుగా తెలుస్తుంది. అది గడువు సాగడం. ఎప్పుడూ 60 రోజులకు సొమ్ము పంపే పాత ఖాతాదారు 75 రోజులు, ఆపై 90 రోజులు అడగడం మొదలుపెడితే అది అతడి నిజాయితీ లోపం కాకపోవచ్చు, అతడి బ్యాంకులో డాలర్ల లోటు కావచ్చు. 2022 జూలైలో మిర్చికి మరో ముఖ్య విపణి అయిన బంగ్లాదేశ్ కూడా అత్యవసరం కాని దిగుమతులకు ఎల్‌సీ తెరవాలంటే 75 నుంచి 100 శాతం దాకా సొమ్ము ముందే కట్టాలన్న నిబంధన విధించింది. ఆ ఏడాది మొదట డాలరుకు 86గా ఉన్న టాకా 2024 మే నాటికి 117కు చేరింది. లంకలో కనిపించిన గుర్తులలో కొన్ని అక్కడా కనిపించాయి.

రక్షణ మార్గాలు.. వాటి పరిమితులు

రక్షణ మార్గాలలో అన్నింటికన్నా మేలైనది ముందస్తు సొమ్ము. పూర్తిగా కాకున్నా కొంత భాగమైనా ముందే రాబట్టుకుంటే పెట్టుబడి వరకైనా భద్రం. రెండోది లెటర్ ఆఫ్ క్రెడిట్. అయితే ఆ హామీ ఇచ్చే విదేశీ బ్యాంకు వద్దనే డాలర్లు లేనప్పుడు ఆ కాగితానికి విలువ తగ్గుతుంది. అందుచేత సంక్షోభ సూచనలున్న దేశానికి సరుకు పంపేటప్పుడు మరో దేశపు బలమైన బ్యాంకు లేదా మన బ్యాంకు ధ్రువీకరించిన ఎల్‌సీని కోరడం క్షేమకరం.

మూడోది ప్రభుత్వ రంగ సంస్థ ఈసీజీసీ ఇచ్చే ఎగుమతి రుణ బీమా. కొనుగోలుదారు దివాలా తీయడం వంటి వాణిజ్య ముప్పులతో పాటు, ఆ దేశ ప్రభుత్వం సొమ్ము బయటకు పంపనీయకపోవడం వంటి రాజకీయ ముప్పులకూ అది వర్తిస్తుంది. సాధారణ పాలసీలో మారక రేటు నష్టం మాత్రం ఇమడదు. పరిస్థితి విషమించిన దేశాలకు బీమా నిబంధనలు కఠినమవుతాయి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే ఫలితం లేనట్లే సంక్షోభం వచ్చాక పాలసీకి పరుగెత్తినా ప్రయోజనం ఉండదు.

నాలుగోది ఫార్వర్డ్ కాంట్రాక్టు. రాబోయే డాలర్లను ఇవాళే ఒక రేటుకు బ్యాంకుకు అమ్మి ఉంచడం ఇందులోని కిటుకు. రేటు హెచ్చుతగ్గుల నుంచి ఇది కాపాడుతుంది. కానీ డాలర్లే రాకపోతే ఇదే గుదిబండ అవుతుంది. 50 వేల డాలర్లను 75 రూపాయల చొప్పున ముందుగా అమ్మిన వ్యాపారికి విదేశీ ఖాతాదారు సొమ్ము పంపలేదనుకుందాం. గడువునాటికి డాలరు 79కి చేరితే కాంట్రాక్టు రద్దు చేసుకోవడానికి డాలరుకు 4 రూపాయల చొప్పున 2 లక్షలు చెల్లించుకోవాలి. బకాయి బకాయిగానే ఉంటుంది, పైన ఈ నష్టం అదనం. ధర పడిపోయే సంక్షోభానికి తయారైన మందు తలుపు మూసుకునే సంక్షోభానికి పనికిరాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

వీటన్నింటికీ తోడు ఒకే దేశంపై, ఒకే ఖాతాదారుపై ఆధారపడకపోవడం, గడువును వీలైనంత కుదించడం ఏ ఖర్చూ లేని రక్షణలు. ధర అర్ధ రూపాయి తగ్గించుకునైనా 90 రోజుల గడువును 30 రోజులకు తెచ్చుకోగలిగితే సంక్షోభం చొరబడే సందు మూడోవంతుకు తగ్గుతుంది.

అంతర్జాతీయ ద్రవ్య నిధి 2023 మార్చి 20న లంకకు సుమారు 300 కోట్ల డాలర్ల సహాయ కార్యక్రమాన్ని ఆమోదించింది. ఆ తరువాత లంక రూపాయి కొంత తేరుకుని స్థిరపడింది. కొలంబో గాడిలో పడినంత మాత్రాన పాఠం ముగిసినట్లు కాదు. బ్యాంకాక్, మాస్కో, కరాకస్, కొలంబోలలో దేశం మారింది, కారణం మారింది, దెబ్బ వచ్చిన దారి మాత్రం మారలేదు. డాలరు ఎంత పలుకుతోందన్నది అందరూ చూసే లెక్కే. సరుకు కొన్న దేశం వద్ద డాలర్లు ఉన్నాయా, బిల్లు చేతికి రావడానికి ఇంకా ఎన్ని రోజులు పడుతుంది అన్నవే మిర్చి టిక్కీ పంపే వ్యాపారి అయినా, మందు గోలీ పంపే కంపెనీ అయినా ఓడ రేవు విడువకముందు అడగవలసిన ప్రశ్నలు.